తొమ్మిదో నెలా, పన్నెండో నెలా: తట్టు టీకా వేళ, పసిబిడ్డ ఆయుష్షు

(దుబాయిలో జరిగిన తెలుగువారి సభలో ఒక చిన్నపిల్లల వైద్యుడు చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఒక నర్సు జ్ఞాపకార్థం ఏర్పాటైంది. ఆమె పేరు ఆహ్వానపత్రిక మీద లేదు, నా వెనకనున్న తెర మీదా లేదు. పేరు వద్దని ఆమే చెప్పి వెళ్లారు. కుటుంబం ఆ మాట నిలబెట్టింది, నేనూ నిలబెడతాను. ఈ దేశంలో రెండు దశాబ్దాలకు పైగా పసిపిల్లలకు టీకాలు వేసిన చేతులవి. మేమంతా ఆమెను సిస్టర్‌గారనే పిలిచేవాళ్లం. ఆరో నెల టీకాకు బిడ్డనెత్తుకుని వచ్చిన ప్రతి తల్లినీ ఆమె ముందుగా ఒక ప్రశ్న అడిగేవారు: "ఊరెప్పుడు వెళ్తున్నారమ్మా?" తల్లులు దాన్ని కుశలప్రశ్న అనుకుని సంక్రాంతికనో వేసవి సెలవులకనో చెప్పేవారు. ఆమెతో పనిచేసిన మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు వ్యాఖ్యానం.

నా ప్రతిపాదన ఇది. తట్టు టీకాకు కార్డు మీద రాసి ఉండే నెల ఒక ఒప్పందం. తల్లి నుంచి బిడ్డకు సంక్రమించిన రక్షణ ఎన్నాళ్లు ఉంటుంది, చుట్టుపక్కల వ్యాధి ఎంత ఉధృతంగా ఉంది అన్న రెండు లెక్కలను సరిచూసి ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం. ఊరు మారితే ఆ లెక్కలు మారతాయి. మనమేమో ఏటా ఊరు మారే జనం.

ఈ వ్యాధిని మన ఊళ్లలో తట్టు అన్నారు, పొంగు అన్నారు, అమ్మవారు పోసిందన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డను చీకటిగదిలో పడుకోబెట్టి, అమ్మవారు తనంతట తాను శాంతించే దాకా మందు ముట్టనివ్వని ఇళ్లు నా చిన్నతనంలో ఉండేవి. ఇక్కడివారు దీన్ని హస్బా అంటారు. ఈ మాటకు వెయ్యేళ్లు దాటిన వైద్యచరిత్ర ఉంది. బాగ్దాద్‌లో వైద్యం చేసిన అల్ రాజీ మశూచినీ తట్టునూ వేరువేరుగా వర్ణిస్తూ అరబ్బీలో ఒక గ్రంథం రాశాడు. తట్టు మశూచి కన్నా భయపడవలసినదని ఆయన అభిప్రాయం. మశూచి ముఖం మీద గుర్తు వేసి పోయేది, అందుకే లోకం దాన్ని గుర్తుంచుకుంది. తట్టు బిడ్డ లోపల ఏమి చెరిపి పోతుందో పైకి కనిపించదు. అల్ రాజీ భయంలో ఎంత నిజముందో మన కాలానికి గాని తేలలేదు. ఆ మాటకు మళ్లీ వస్తాను.

1846లో డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవులకు తట్టు చేరింది. అంతకు ముందు అది ఆ దీవుల్లో కనిపించింది 1781లో. దాదాపు 7,800 జనాభాలో ఆరు వేల మందికి పైగా మంచాన పడ్డారు. పరిశోధనకు వెళ్లిన యువ వైద్యుడు పీటర్ పానుమ్ ఒక విశేషం గమనించాడు. 65 ఏళ్ల కిందట ఒకసారి తట్టు చూసిన ముసలివాళ్లకు అది మళ్లీ రాలేదు. ఒకసారి వస్తే జీవితాంతం రక్షణ అన్న సూత్రం అక్కడ స్థిరపడింది. నేను ఆ కథలోంచి ఇంకొకటి తీసుకుంటాను. వ్యాధి ఆ దీవుల్లో పుట్టలేదు, ఓడలో వచ్చింది. ఈనాడు మన పాలిటి ఓడ మూడున్నర నాలుగు గంటల్లో హైదరాబాదులో దిగుతుంది.

ఈ ఎడారి దేశంలో పసిప్రాణం విలువ తెలియాలంటే అల్ ఐన్ నుంచి మొదలుపెట్టాలి. 1960లో పాట్ కెనెడీ, మరియన్ కెనెడీ అనే అమెరికన్ వైద్య దంపతులు, పాలకుల ఆహ్వానం మీద, అక్కడి ఒయాసిస్సుకు వచ్చారు. షేక్ జాయెద్ ఇచ్చిన మట్టిగోడల అతిథిగృహంలో వైద్యం ఆరంభించారు. అదే ఒయాసిస్ ఆసుపత్రి. పుట్టిన పిల్లల్లో సగం మంది, కాన్పుకు వెళ్లిన తల్లుల్లో మూడోవంతు దక్కేవారు కాదని ఆ ఆసుపత్రి వారు ఆనాటి సంగతి చెప్పుకుంటారు. అంత చావు నడుమ బతికి బట్టకట్టడం ఒక వరం. ఈ దేశపు నేటి అధ్యక్షులు షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ 1961లో పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. 1962లో కెనడా నుంచి గెర్‌ట్రూడ్ డైక్ అనే నర్సు వచ్చి చేరింది. స్థానికులు ఆమెను డాక్టర్ లతీఫా అని పిలుచుకున్నారు. 38 ఏళ్లు ఆమె ఇక్కడే ఉండిపోయింది. షార్జాలో సారా హోస్మన్ అనే వైద్యురాలి సేవలు, దుబాయిలో అల్ మక్తూమ్ ఆసుపత్రి అంతకు ముందు నుంచే ఉన్నాయి. దేశమనేది 1971 డిసెంబరు 2న గాని ఏర్పడలేదు. పిల్లల్ని బతికించే ప్రయత్నం దేశం కన్నా పదేళ్లకు పైగా ముందే మొదలైంది. అయిదేళ్లలోపు చనిపోయే పిల్లలు ఇప్పుడిక్కడ వెయ్యికి పదిమంది కూడా లేరు. ఒక మనిషి జీవితకాలంలోనే ఈ మార్పు జరిగింది.

ఇక టీకా. 1954లో బోస్టన్ దగ్గరి ఒక బడిలో తట్టు చెలరేగినప్పుడు డేవిడ్ ఎడ్మన్‌స్టన్ అనే 13 ఏళ్ల కుర్రవాడి రక్తం నుంచి థామస్ పీబుల్స్, ఆయన గురువు జాన్ ఎండర్స్ వైరస్‌ను వేరుచేశారు. ఆ వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకాకు 1963లో అమెరికా అనుమతి వచ్చింది. ఈరోజు మన బిడ్డలకు వేసే టీకాలోనూ ఆ కుర్రవాడి పేరున్న వంశపు వైరస్సే ఉంటుంది.

టీకా దొరికింది. ఏ నెలలో వేయాలన్నది తేలలేదు. అమెరికాలోనే 1963లో తొమ్మిదో నెల అన్నారు. 1965లో పన్నెండు అన్నారు. 1976లో పదిహేను అన్నారు. 1990లలో మళ్లీ పన్నెండుకు దిగారు. వైద్యులకు నిలకడ లేకపోయిందని అనుకోవద్దు. తేదీ ఎందుకు కదిలిందో చూస్తే విషయమంతా బోధపడుతుంది.

కడుపులో ఉన్న ఆఖరి నెలల్లో తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. తట్టు నుంచి ఆ బిడ్డను మొదటి కొన్ని నెలలు కాపాడేవి అవే. ఇందులో ఒక చిక్కుంది. తట్టు టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. తల్లి ఇచ్చిన రక్షణ దాన్నీ శత్రువు కిందే లెక్కగట్టి అడ్డుకుంటుంది. మరీ ముందు వేస్తే టీకా పట్టదు. మరీ ఆలస్యం చేస్తే తల్లి ఇచ్చినది అరిగిపోయి, టీకా ఇంకా రాక, బిడ్డ మధ్యలో ఒంటరిగా మిగులుతాడు. తొమ్మిదో నెలలో వేస్తే నూటికి సుమారు 85 మందికి పడుతుంది, పన్నెండో నెలలో వేస్తే సుమారు 95 మందికి. ఆ పదిమంది కోసం మూడు నెలలు ఆగాలా, ఆగితే ఆ మూడు నెలల్లో పోయేవారి సంగతేమిటి? వాదమంతా ఇక్కడే.

1970లలో కెన్యాలో ఈ లెక్క శ్రద్ధగా కట్టారు. అక్కడ ఏడాది నిండకుండానే ఎందరో పిల్లలకు తట్టు వచ్చేది, ఎంత చిన్నవాళ్లయితే అంత చావు. టీకా పట్టనివారినీ, టీకాకు ముందే వ్యాధి తగిలినవారినీ కలిపి చూస్తే నష్టం అతి తక్కువగా తేలింది తొమ్మిదో నెల దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేద దేశాలకు ఆ నెలనే సిఫారసు చేసింది. 1985లో భారతదేశం తట్టు టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చినప్పుడు తీసుకున్నదీ అదే. రెండో డోసు 2010 నుంచి, రుబెల్లాతో కలిపిన టీకా 2017 నుంచి. ఆ ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో తొమ్మిది నెలల పసిబిడ్డ నుంచి పదిహేనేళ్ల పిల్లల దాకా బడుల్లో, అంగన్‌వాడీల్లో వరసలు కట్టించి వేశారు.

తొమ్మిది నెలలు కూడా ఆలస్యమేనని కొందరికి తోచింది. ఆ తరువాత జరిగినది మన కాలపు వైద్యచరిత్రలో అందరూ చదవవలసిన అధ్యాయం. మామూలు టీకా కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వైరస్ ఉన్న టీకాను ఆరో నెలలో, అంతకు ముందు కూడా వేసి చూశారు. తల్లి యాంటీబాడీలను దాటుకుని అది పనిచేసింది. తట్టును ఆపింది. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తట్టు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు దాన్ని సూచించింది కూడా. ఆ తరువాత సెనెగల్, గినీ బిస్సావ్, హైతీల నుంచి వార్తలు వచ్చాయి. ఆ టీకా వేయించుకున్న ఆడపిల్లలు, మామూలు టీకా వేయించుకున్న ఆడపిల్లల కన్నా ఎక్కువగా చనిపోతున్నారు. తట్టుతో కాదు, ఇతర జబ్బులతో. 1992లో ఆ టీకాను వెనక్కి తీసుకున్నారు.

వేసిన టీకా వ్యాధిని ఆపిందా అని చూసి ఊరుకుంటే ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు. వేసిన తరువాత బిడ్డ బతికి ఉన్నాడా అని ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసినవారు ఉండబట్టి బయటపడింది. గినీ బిస్సావ్‌లో 1978 నుంచి ఆ పని చేస్తున్నది పీటర్ ఆబీ బృందం. ఆబీ వైద్యుడు కాడు, మానవశాస్త్రం చదువుకున్నవాడు. పిల్లలు తట్టుతో చనిపోవడానికి తిండి చాలకపోవడమే కారణమన్న నమ్మకంతో లోకమంతా ఉండగా, ఒకే ఇంట్లో ఎక్కువమంది పిల్లలు ఉన్నచోట, అన్నకో అక్కకో వచ్చాక తగులుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు జబ్బు తీవ్రమవుతోందని ఆయన గమనించాడు. ఉమ్మడి కుటుంబాలు, ఇరుకు గదుల పోర్షన్లు తెలిసిన మనకు అది వెంటనే అర్థమవుతుంది.

మామూలు తట్టు టీకా వేయించుకున్న పిల్లల్లో మరణాలు ఎంతగా తగ్గాయంటే, తట్టు ఒక్కదాని లెక్కతో అది సరిపోవడం లేదనీ ఆబీ బృందం చెప్పింది. 2010లో వారు ప్రచురించిన పరీక్షలో, నాలుగున్నర నెలలకు ఒకసారి, తొమ్మిదో నెలలో మరోసారి వేస్తే మరణాలు సుమారు 30 శాతం తగ్గినట్టు వచ్చింది. తరువాత బుర్కినా ఫాసోలో అదే పద్ధతిని పరీక్షిస్తే ఆ మేలు కనిపించలేదు. కాబట్టి ఈ సభలో ఎవరూ నాలుగో నెలలో టీకా కోసం డాక్టరును ఒత్తిడి చేయవద్దు.

ఇక అల్ రాజీ భయం. టీకా వేయించుకోని 77 మంది నెదర్లాండ్స్ పిల్లల రక్తాన్ని తట్టు రాకముందూ వచ్చిన తరువాతా పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఇతర వ్యాధుల మీద వాళ్లు అంతవరకూ కూడగట్టుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం వరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఒంటికి ఉన్న జ్ఞాపకశక్తిని తట్టు చెరిపేస్తుంది. దద్దుర్లు తగ్గి బిడ్డ లేచి ఆడుకుంటున్నాడనుకున్న తరువాత మూడో నెలలోనో ఆరో నెలలోనో న్యుమోనియాతోనో విరేచనాలతోనో పోతే, ఆ చావును తట్టు ఖాతాలో ఎవరూ రాయరు. మన ముత్తవ్వలు "ఆ అమ్మవారు పోసినప్పటి నుంచి బిడ్డ తేరుకోలేదు" అనేవారు. వారి వైద్యం తప్పు కావచ్చు, వారి గమనిక తప్పు కాదు.

గత యాభై ఏళ్లలో టీకాలు కాపాడిన ప్రాణాలు 15 కోట్ల 40 లక్షలని 2024లో లెక్కతేలింది. అందులో దాదాపు 9 కోట్ల 40 లక్షలు తట్టు టీకా ఒక్కదానివే. అయినా 2023లో ప్రపంచంలో కోటిమందికి పైగా తట్టు బారిన పడ్డారు, లక్షా ఏడు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది అయిదేళ్లలోపువారే.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఎమిరేట్స్‌లో మొదటి డోసు పన్నెండో నెలలో, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేస్తారు. నా దృష్టిలో ఈ నిర్ణయం సరైనది. ఇక్కడ చుట్టూ ఉన్న పిల్లలకు టీకా అంది ఉంది, బిడ్డ ఏడాది దాకా ఆ నీడలో ఉండగలడు, ఆగినందుకు గట్టి రక్షణ దక్కుతుంది. భారతదేశపు తొమ్మిదో నెల కూడా సరైనదే, అక్కడ వ్యాధి ఇంకా తిరుగుతోంది కనుక. రెండూ సరైనవే అయినప్పుడు ప్రమాదం ఎక్కడ? రెండింటి నడుమ ప్రయాణించే బిడ్డ దగ్గర. దుబాయి పద్ధతి ప్రకారం ఆగుతూ, ఆంధ్ర తెలంగాణల గాలిలో తిరిగే బిడ్డ దగ్గర.

మన సంప్రదాయాలు ఆ బిడ్డను సరిగ్గా ఏ నెలల్లో ఊరికి పిలుస్తాయో చూడండి. ఆరో నెలలో అన్నప్రాశన. తొమ్మిదో నెలలోనో పదకొండో నెలలోనో పుట్టువెంట్రుకలు. తిరుమల క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి, కల్యాణకట్ట దగ్గర నలుమూలల నుంచి వచ్చిన జనంలో, తల్లి భుజం మీద నిద్రపోతున్న ఆ బిడ్డకు అమ్మ ఇచ్చిన రక్షణ అరిగిపోయింది, టీకా ఇంకా పడలేదు. తట్టు సోకినవాడు దగ్గి వెళ్లిపోయిన గదిలో రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో ఉంటుంది. మొక్కు మానమని చెప్పను, నా పిల్లల పుట్టువెంట్రుకలూ అక్కడే తీయించాను. లెక్క చూసుకుని వెళ్లమంటున్నాను.

ఇంకొక సంగతి. మన అమ్మమ్మలకు తట్టు వచ్చి పోయింది. వారి యాంటీబాడీలు దండిగా ఉండేవి, పిల్లలకూ ఎక్కువకాలం వచ్చేవి. 1985 తరువాత పుట్టిన తల్లుల్లో చాలామంది టీకాతో రక్షణ పొందినవారు. వారు బిడ్డకు ఇవ్వగలిగేది తక్కువ, అది అరిగేదీ త్వరగా. చాలామంది పిల్లల్లో ఆరో నెలకే అది నామమాత్రం. అమెరికా పదిహేనో నెల నుంచి పన్నెండుకు దిగడానికి కారణం ఇదే. "మా కాలంలో ఏడాది దాకా ఏమీ కాలేదు" అని నానమ్మ అంటే ఆమె తన కాలం గురించి నిజమే చెబుతోంది.

2022 నవంబరులో ముంబయిలో, గోవండి బస్తీల్లో తట్టు చెలరేగింది. అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ, తొమ్మిది నెలలలోపు పిల్లల్లో కేసులు పదిశాతం దాటిన చోట్ల, ఆరు నుంచి తొమ్మిది నెలల బిడ్డలకు అదనంగా ఒక డోసు వేయమని సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి వేళల్లో, వ్యాధి ఉన్న చోటికి ప్రయాణించే పసిపిల్లలకు, ఆరో నెల నుంచి ఆ అదనపు డోసు వేయవచ్చంటుంది. దాన్ని సున్నా డోసు అంటారు. పేరులోనే ఉంది, అది లెక్కలోకి రాదు. ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక పన్నెండో నెల డోసు, ఆ తరువాతి డోసు, రెండూ మామూలుగా వేయించవలసిందే. ఒకసారి వేశాం కదా అని ఇక్కడి డోసు మానిన తల్లిదండ్రులను నేను చూశాను. అది అసలు వేయించకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే ధైర్యం మిగులుతుంది, రక్షణ మిగలకపోవచ్చు.

నా సొంత తప్పు ఒకటి ఈ వేదిక మీద చెప్పాలి. నేను ఇక్కడ కొత్తగా చేరిన రోజుల్లో ఎనిమిది నెలల బాబును తీసుకుని వచ్చారు. సిస్టర్‌గారు ఊరి ప్రయాణం సంగతి కనుక్కుని, డోసు వేద్దామా అని నన్ను అడిగారు. కార్డు ప్రకారం పన్నెండో నెలలో వేద్దామన్నాను. ఊరి నుంచి ఆ బాబు తట్టుతో తిరిగి వచ్చాడు. న్యుమోనియా పట్టింది. బతికాడు. ఆమె నాతో ఒక్కమాట అనలేదు. ఆ తరువాత నేను కూడా ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాను.

ఇక్కడికి రాని పిల్లల మాట కూడా చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినవాణ్ని అవుతాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌లలో ఏ గల్ఫ్ దేశానికి వెళ్లినా దుబాయి పోయిండనే అంటారు. అలా వచ్చి లేబర్ క్యాంపుల్లో ఉంటున్న తండ్రుల పిల్లలు, రాయచోటి నుంచి, కోనసీమ నుంచి ఇళ్లలో పనికి వచ్చిన తల్లుల పిల్లలు నానమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. మాతా శిశు సంరక్షణ కార్డు బీరువాలో చీరల మడతల్లో ఉంటుంది. అందులో తేదీ చదివేవారు ఇంట్లో ఉండరు. ఒకవేళ తీసుకెళ్లినా, అయిదుగురికో పదిమందికో సరిపోయే సీసా ఒక్క బిడ్డ కోసం తెరవడానికి వెనకాడి "వచ్చే వారం రండమ్మా" అని పంపేవారు ఉన్నారు. పొడిని ద్రావణంలో కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, మిగిలినది పారబోయాలి, అందుకని. ఆ వచ్చే వారానికి నానమ్మకు మోకాళ్ల నొప్పి. ఆ పై వారం వాన. తొమ్మిదో నెల డోసు పదమూడో నెలకు పడుతుంది. గణాంకాల్లో ఆ బిడ్డ టీకా పడిన బిడ్డే. నడుమ గడిచిన నాలుగు నెలలు ఏ పట్టికలోనూ కనిపించవు. సీసాలో మందు వృథా అయితే కొద్ది రూపాయలు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

ఈ హాలులో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులు కనిపిస్తున్నారు. క్యాంపుల నుంచి వచ్చిన అన్నదమ్ములూ కనిపిస్తున్నారు. తల్లులతో ఒక మాట: ఊరికి టికెట్టు కొనే ముందు మీ డాక్టరుకు బిడ్డ వయసు నెలల్లో చెప్పండి, ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య అయితే అదనపు డోసు అవసరమా అని అడగండి, అవసరమంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. అన్నదమ్ములతో ఒక మాట: ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు బీరువాలోంచి ఆ కార్డు తీయించండి. తొమ్మిదో నెల గడిలో తేదీ ఉందో లేదో చదివించుకోండి. లేకపోతే టీకా ఏ రోజు వేస్తారో ఆశ కార్యకర్తను అడిగి తెలుసుకోమని చెప్పండి, ఆ ఉదయం మళ్లీ ఫోన్ చేయండి.